సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, కారు మాత్రం స్టార్ట్ కావడం లేదు

కొత్తస్టీరింగ్:
అందరికీ నమస్కారం. పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేరు, కొని పదేళ్లు దాటింది. నిన్న సాయంత్రం పార్కింగులో పెట్టి వెళ్లాను, గంట తర్వాత వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ గట్టిగానే కొడుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు. అందుకున్నట్టే అనిపించి ఆగిపోవడం కూడా కాదు, అసలు ఉలుకూ పలుకూ లేదు. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ ప్రయత్నించినా అదే పరిస్థితి. బ్యాటరీ ఈమధ్యే మార్చాను. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉన్నట్టు ముల్లు చూపిస్తోంది.

ఇంకొక సంగతి. పోయిన వారం గతుకుల్లో ఒకటి రెండుసార్లు బండి చిన్న జర్కు ఇచ్చి మళ్లీ మామూలైపోయింది. ఏసీ కూడా మధ్యమధ్యలో చల్లదనం తగ్గి తిరిగి వస్తోంది, గ్యాస్ నింపించాలేమో. పక్కింటాయన పెట్రోలు పంపు పోయింది అంటున్నారు, ఫోనులో మాట్లాడిన మెకానిక్ ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ అంటున్నారు. ముందు ఏది మార్చమంటారు? చాలా టెన్షన్‌గా ఉంది.

పాతకార్బ్యురేటర్:
ముందు ఏదీ మార్చకండి. సెల్ఫ్ తిరుగుతోందంటే బ్యాటరీ, స్టార్టర్ మోటారు చాలావరకు బాగున్నట్టే. ఇక ఇంజన్ మండడానికి కావలసినవి గాలి, పెట్రోలు, ప్లగ్గులో స్పార్కు, సిలిండర్లో కంప్రెషన్. ఇవన్నీ సరైన సమయానికి కలవాలి. వీటిలో ఏది అందడం లేదో తెలియకుండా సామాను కొంటే చీకట్లో చేయి పెట్టి వెతికినట్టే ఉంటుంది.

బానెట్ ఎత్తకుండానే చాలా తెలుసుకోవచ్చు. కారులో కూర్చుని అన్నీ ఆపేసి, అద్దాలు మూసి, తాళం ఆన్ దాకా తిప్పి ఆగండి. సెల్ఫ్ కొట్టొద్దు. మీటర్ బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందా? అసలు వెలగకపోతే ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) కరెంటే అందడం లేదన్నమాట, అప్పుడు దానికి కరెంటు కలిపే స్విచ్చు లాంటి మెయిన్ రిలే, దాని ఫ్యూజు దగ్గర మొదలుపెట్టాలి. వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు సన్నగా జుయ్‌మనే శబ్దం వస్తోందా? అది పెట్రోలు పంపు. తాళం బొమ్మ లైటు (దొంగతాళాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్‌ది) కాసేపు వెలిగి ఆరిపోతోందా, లేక ఆగకుండా మిణుకుతోందా? చివరగా సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తోందా? ఇవి చూసి రాయండి.

గ్రీజుచేతులు:
పెద్దాయన అడిగినవాటికి ఒకటి కలుపుతాను. సెల్ఫ్ తిరిగే శబ్దాన్ని చెవిపెట్టి వినండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ రుర్-రుర్-రుర్ అని ఒకే లయలో తిరుగుతుంది, ఒక్కో సిలిండర్ కంప్రెషన్‌కి వచ్చినప్పుడల్లా మోటారు కాస్త బిగుసుకుంటుంది. ఆ బిగువు లేకుండా మిక్సీలా గిర్రున, మామూలు కన్నా వేగంగా తిరిగితే టైమింగ్ బెల్టు (వాల్వులను తెరిచే కడ్డీని, అంటే క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పేది) తెగిందేమో చూడాలి. అలా వినిపిస్తే ఇంకోసారి కొట్టొద్దు. చాలా ఇంజన్లలో బెల్టు తెగాక తిప్పితే పిస్టన్లు వాల్వులకు తగిలి వంచేస్తాయి. ఆయిల్ పోసే మూత తీస్తే కొన్ని ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ కనిపిస్తుంది. శబ్దం బట్టి తేల్చుకోలేకపోతేనే, ఒకరు సెల్ఫ్ క్షణం పాటు కొడితే, అది కదులుతోందో లేదో ఇంకొకరు దూరం నుంచి చూడొచ్చు.

ఒక విడతకి పది సెకన్లు మించి సెల్ఫ్ కొట్టకండి, తర్వాత కనీసం అర నిమిషం ఆగండి. స్టార్టర్ వేడెక్కి కాలిపోతుంది. పెట్రోలు పడుతూ మండకపోతే అది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, మిగిలింది సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. రెండో తాళం చెవి ఉంటే దానితో కూడా ఒకసారి ప్రయత్నించండి.

వేగంబండి:
బ్రో, మా కారుకి కూడా అచ్చం ఇలాగే అయింది. ట్యాంకు కింద రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తూ సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది. పంపు మార్చాక మళ్లీ ఇబ్బంది లేదు. టైం వేస్ట్ చేసుకోకుండా పంపు మార్చేయండి.

పాతకార్బ్యురేటర్:
వేగంబండి గారూ, మీ కారు విషయంలో అది నిజమే. పంపు మోటారులో బ్రష్షులు అరిగితే దెబ్బకి కదిలి కాసేపు పనిచేస్తుంది. కానీ వీరి పంపు తిరుగుతోందో లేదో ఇంకా చూడనేలేదు కదా. తిరగకపోతే కూడా ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడాలి. రిలే అనుమానమైతే అదే పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే, చాలా కార్లలో హారన్‌ది, తీసి ఇక్కడ పెట్టి చూస్తే చాలు.

శబ్దం వచ్చినంత మాత్రాన సరిపడా పెట్రోలు వస్తోందని కాదు. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు పైపులో సుమారు 3 నుంచి 4 బార్ల ప్రెషర్ ఉండాలి, కచ్చితమైన లెక్క మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. అది గేజ్ పెట్టి చూడాల్సిందే. ట్యాంకు ముల్లుని కూడా గుడ్డిగా నమ్మొద్దు. పెట్రోలు మీద తేలే లోపలి ఫ్లోటు ఇరుక్కుపోతే ఖాళీ ట్యాంకు కూడా సగం ఉన్నట్టు చూపిస్తుంది.

కొత్తస్టీరింగ్:
అన్నీ చూశానండి. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. వెనక నుంచి రెండు సెకన్ల శబ్దం స్పష్టంగా వస్తోంది. తాళం లైటు కాసేపటికి ఆరిపోతోంది, రెండో చెవితో కూడా తేడా లేదు. సెల్ఫ్ శబ్దం ఒకే లయలో ఉంది. కానీ ఆర్‌పీఎం ముల్లు సున్నా దగ్గర నుంచి కదలట్లేదు.

మా కజిన్ దగ్గర ఫోనుకి కలిపే చిన్న స్కానర్ ఉంటే స్టీరింగ్ కింద పెట్టి చూశాం. పీ0335, పీ0532 అని రెండు కోడ్లు వచ్చాయి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్లో కూడా ఆర్‌పీఎం సున్నానే.

వేగంబండి:
పీ0335 అంటే క్రాంక్ సెన్సర్. అయితే పంపు కాదు, మీ మెకానిక్ చెప్పిందే కరెక్ట్. రెండోది ఏసీది, దానికీ స్టార్ట్ కాకపోవడానికీ సంబంధం లేదు. సెన్సర్ ఆర్డర్ పెట్టేయండి బ్రో.

వోల్ట్‌మీటర్:
ఆర్డర్ పెట్టకండి, ఆగండి. ఆ రెండో కోడే నాకు ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తోంది.

పీ0335 చెప్పేది క్రాంక్ సెన్సర్ చెడిపోయిందని కాదు, ఆ సర్క్యూట్ నుంచి ఈసీయూకి సరైన సిగ్నల్ రావడం లేదని. సెన్సర్ పోయినా, వైరు తెగినా, సెన్సర్‌కి కరెంటు అందకపోయినా, అది చదివే పళ్లచక్రం దెబ్బతిన్నా కోడ్ ఇదే రావచ్చు. పీ0532 అంటే ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్ వోల్టేజి ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉందని. మీరు మొదటి పోస్టులో రాసినది మళ్లీ చదవండి. గతుకుల్లో జర్కు, మధ్యమధ్యలో ఏసీ ఆగడం, రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి. రెండు సెన్సర్లు ఒకేసారి పోవడం కన్నా రెండింటికీ కరెంటిచ్చే దారి ఒకటే చెడడానికి అవకాశం ఎక్కువ.

ఈసీయూ చాలా సెన్సర్లకు 5 వోల్టులు పంపుతుంది. ఆ 5 వోల్టులు ఒక్కో సెన్సర్‌కి విడిగా పుట్టవు, లోపల ఒకటో రెండో మూలాలుంటాయి, ఒక్కో మూలం నుంచి నాలుగైదు సెన్సర్లకు వైరు చీలి వెళ్తుంది. ఆ వైరు ఎక్కడైనా బాడీకి తగిలి ఎర్త్ అయితే ఆ మూలం మీదున్న సెన్సర్లన్నీ ఒక్కసారిగా గుడ్డివైపోతాయి. ఈసీయూ సాధారణంగా ఆ షార్ట్‌ని తట్టుకుంటుంది, షార్ట్ పోగానే మళ్లీ 5 వోల్టులు ఇస్తుంది. అందుకే తగిలీ తగలనట్టు ఉన్నన్నాళ్లూ లక్షణం వచ్చిపోతూ ఉంటుంది.

మల్టీమీటర్ ఉందా? క్రాంక్ సెన్సర్ కప్లర్ (వైర్లను సెన్సర్‌కి కలిపే ప్లగ్గు) ఊడదీసి అందులో ఎన్ని వైర్లున్నాయో చూడండి. రెండే ఉంటే అది చాలావరకు తనంతట తానే కరెంటు పుట్టించే రకం, నా లెక్క తప్పుతుంది. మూడుంటే చాలావరకు బయటి కరెంటుతో పనిచేసే హాల్ రకం, ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. తాళం ఆన్‌లో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర ప్రోబ్ కప్లర్లోని కరెంటు పిన్నుకి. కొన్ని కార్లలో దీనికి 12 వోల్టులు వస్తాయి, వైరింగ్ బొమ్మ చూసుకోండి. పిన్నులోకి ప్రోబ్ బలంగా గుచ్చకండి, లోపలి రేకు విచ్చుకుంటే రేపు అదే కొత్త సమస్య.

గ్రీజుచేతులు:
వోల్ట్‌మీటర్ గారి తర్కం బాగుంది. అయినా క్రాంక్ సెన్సర్లు పోవడం అరుదేమీ కాదు, వర్క్‌షాపులో తరచూ చూస్తాం. కాకపోతే వాటికో పద్ధతి ఉంది. ఇంజన్ వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. లోపలి తీగ వేడికి సాగి తెగి, చల్లారితే మళ్లీ కలుస్తుంది. ఈ కారు రాత్రంతా చల్లారినా స్టార్ట్ కాలేదు. పైగా గతుకుల్లో జర్కు అంటే వేడి కన్నా కదలికే కారణం. అందుకే నేనూ ముందు వైరింగే చూస్తాను.

ఆర్‌పీఎం ముల్లు లేవకపోవడం ఎందుకంత ముఖ్యమో కొత్తవాళ్ల కోసం రాస్తున్నాను. క్రాంక్ తిరుగుతున్నట్టు సిగ్నల్ రాకపోతే ఈసీయూ స్పార్కు ఇవ్వదు, ఇంజెక్టర్లు తెరవదు, రెండు సెకన్ల తర్వాత పంపునూ ఆపేస్తుంది. యాక్సిడెంట్‌లో ఇంజన్ ఆగినప్పుడు పెట్రోలు చిమ్మకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. కాబట్టి స్పార్కూ లేక, పెట్రోలూ లేకపోతే స్పార్కు పుట్టించే కాయిళ్లనీ పంపునీ అనుమానించడం మాని, ఆ రెండింటికీ పైనున్నదాని దగ్గరికి వెళ్లాలి. కొన్ని ఇంజన్లు క్రాంక్ సిగ్నల్ లేకున్నా క్యామ్ సెన్సర్‌తో కాస్త ఆలస్యంగా అందుకుంటాయి. 5 వోల్టులే పోతే ఆ క్యామ్ సెన్సర్ కూడా వాటితోపాటే పడుకుంటుంది.

స్పార్కు చూడాలనుకునేవాళ్లు దయచేసి ప్లగ్గు వైరు చేత్తో పట్టుకుని చూడకండి. అది వేల వోల్టుల కరెంటు, పక్కనే పెట్రోలు ఆవిరి ఉంటుంది. స్పార్క్ టెస్టర్ వాడండి.

కొత్తస్టీరింగ్:
కప్లర్లో మూడు వైర్లున్నాయి. మాన్యువల్లో 5 వోల్టులనే రాసుంది. మీటర్లో చూస్తే 0.4 వోల్టులు! ఏసీ ప్రెషర్ సెన్సర్ కప్లర్ దగ్గర కూడా అంతే. ఇప్పుడు ఏం చేయాలి? ఈసీయూ పోయిందా?

వోల్ట్‌మీటర్:
ఈసీయూ మీద నింద చివర్న వేద్దాం.

మీటర్ అలాగే పెట్టి ఉంచి, అదే మూలం మీదున్న సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటిగా తీయండి. తాళం ఆఫ్ చేసి తీయడం, ఆన్ చేసి మీటర్ చూడటం. ఏసీ ప్రెషర్ సెన్సర్‌తో మొదలుపెట్టండి, తర్వాత క్యామ్, తర్వాత ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) మీదున్న ప్రెషర్ సెన్సర్. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగొస్తే ఆ సెన్సరే లోపల షార్ట్ అయిందని అర్థం. పసుపు రంగు కప్లర్లు మాత్రం ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగులవి.

అన్నీ తీసినా రాకపోతే షార్ట్ వైరులో ఉంది. అప్పుడు తాళం ఆన్‌లో ఉంచి, ఒకరు మీటర్ చూస్తుంటే ఇంకొకరు వైరింగ్ కట్టని జానెడు జానెడు చొప్పున నెమ్మదిగా కదపండి. ఇంజన్‌తోపాటు ఊగే చోట్లు, బ్రాకెట్ల మీదుగా వంగే చోట్లు, వేడి పైపుల దగ్గర ఎక్కువ శ్రద్ధ పెట్టండి. అప్పటికీ ఏమీ దొరక్కపోతే బ్యాటరీ నెగెటివ్ తీసి, ఈసీయూ కప్లర్ ఊడదీసి, ఆ 5 వోల్టుల వైరుకీ బాడీకీ మధ్య రెసిస్టెన్సు చూడాలి. అక్కడ షార్ట్ లేదని తేలితేనే ఈసీయూ గురించి మాట్లాడుకుందాం.

వీధిదీపం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఈ చర్చ చదువుతుంటే ఒక సందేహం. టెస్ట్ బల్బుతో చూడకూడదా? మా షెడ్డులో అన్నీ దానితోనే చూస్తారు.

వోల్ట్‌మీటర్:
ఈసీయూ నుంచి వచ్చే 5 వోల్టుల వైర్ల మీద మామూలు ఫిలమెంటు బల్బు పెట్టకూడదండీ, అది లాగే కరెంటుని ఆ సర్క్యూట్ ఇవ్వలేదు. పంపు, కాయిల్, రిలే లాంటి బరువైన సర్క్యూట్లకు మాత్రం బల్బే మేలు. ఎందుకంటే వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటర్ నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. అదే బల్బు పెడితే మసకగా వెలుగుతుంది. పంపు దగ్గర 12 ఉంది, పంపే పోయిందని మార్చి, తర్వాత కూడా స్టార్ట్ కాని కార్లు చాలానే ఉంటాయి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య అర వోల్టు దాటినా ఎర్త్ పట్టీ తీసి శుభ్రం చేయాల్సిందే.

కొత్తస్టీరింగ్:
దొరికింది! అందరికీ చాలా చాలా థాంక్స్.

కప్లర్లన్నీ తీసినా 0.4 దగ్గరే ఉంది. మా కజిన్ మీటర్ పట్టుకున్నాడు, నేను వైరింగ్ కదుపుతూ వచ్చాను. గేరుబాక్సు పైన బ్రాకెట్ దగ్గర కట్టని పైకెత్తగానే ‘ఐదు, ఐదు’ అని అరిచాడు. వదిలితే మళ్లీ 0.4. అక్కడ వైర్లను పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ క్లిప్పు లేదు, దాని రంధ్రం మాత్రం ఉంది. కట్ట జారి బ్రాకెట్ అంచు మీద పడుకుంది. బ్రాకెట్ అంచున నల్ల పెయింటు గోరంత మేర అరిగి ఇనుము తళతళలాడుతోంది. సరిగ్గా దానికెదురుగా టేపు చిరిగి, లోపల ఒక సన్నని వైరు తొడుగు కోసుకుపోయి, రాగి పోగులు బయటికొచ్చాయి. రెండు పోగులు అప్పటికే తెగి పచ్చబడ్డాయి. మిగతా వైర్లకు గీతలు పడ్డాయి కానీ రాగి బయటపడలేదు.

కట్టకీ బ్రాకెట్‌కీ మధ్య రబ్బరు ముక్క పెట్టి, కప్లర్లన్నీ తిరిగి బిగించి తాళం తిప్పితే మొదటిసారికే అందుకుంది. ఏసీ కూడా ఆన్ అయింది. ఆ వైరు చుట్టూ టేపు వేస్తే సరిపోతుందా?

గ్రీజుచేతులు:
శభాష్ తమ్ముడూ, ఓపిగ్గా చేశావు. ఒట్టి టేపు మాత్రం వేయకు. ఇంజన్ వేడికి జిగురు కారిపోతుంది, లోపల తడి నిలిచి పచ్చ పట్టిన పోగులు ఇంకా తినేస్తుంది. బ్యాటరీ నెగెటివ్ తీసి, దెబ్బతిన్న ముక్క ఎర్రటి రాగి కనిపించేదాకా కత్తిరించి, అదే మందం వైరు కొత్త ముక్క కలుపు. కలిపే ముందే జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వైరుకి తొడుగు, అతికాక తొడగడం కుదరదు. ఇలా ఊగే చోట సోల్డరింగ్ కన్నా మంచి క్రింపు జాయింటు నిలుస్తుంది. సోల్డరు పాకిన మేర వైరు బిరుసెక్కి, ఆ చివర మళ్లీ విరుగుతుంది. గీతలు పడ్డ వైర్లకు కూడా విడివిడిగా తొడుగు వేసి, పైన ముడతల గొట్టం ఎక్కించు.

అసలు పని క్లిప్పు. గేరుబాక్సు పనో క్లచ్చు పనో జరిగినప్పుడు ఎవరో తీసి పెట్టడం మర్చిపోయి ఉండాలి. అది పెట్టకపోతే కొత్త వైరు కూడా అదే అంచు మీద అరుగుతుంది. తర్వాత కోడ్లు చెరిపేసి, గతుకుల్లో తిప్పి మళ్లీ స్కానర్ పెట్టి చూడు. రెండూ రాకుండా ఉంటే పని పూర్తయినట్టే.

వేగంబండి:
నిజంగా చాలా నేర్చుకున్నాను. సెన్సర్ కొని ఉంటే అది ఊరికే పోయేది.

డీజిల్‌దారి:
పాత చర్చలోకే వస్తున్నాను, కొత్తది తెరవమంటే తెరుస్తాను. నాది కామన్ రైల్ డీజిల్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి పైపు (రైల్) నుంచి డీజిల్ అందే రకం. ఫిల్టర్ మార్చిన మరుసటి రోజు నుంచి ఇదే పరిస్థితి, సెల్ఫ్ తిరుగుతుంది, అందుకోదు. సైలెన్సర్ నుంచి పొగ కూడా రావడం లేదు. ఒకరు ఇన్‌టేక్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టమన్నారు.

గ్రీజుచేతులు:
స్ప్రే కొట్టకండి. సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులు ఎర్రగా కాలుతుంటే ఆ ఆవిరి పిస్టన్ పైకి రాకముందే పేలి ఇంజన్‌ని విరగ్గొడుతుంది.

పొగ లేదంటే సిలిండర్లలో డీజిల్ పడటం లేదు. తెల్లపొగ వస్తూ అందుకోకపోతే గ్లో ప్లగ్గుల మీదో కంప్రెషన్ మీదో అనుమానం పడేవాణ్ణి, మీది ఆ కేసు కాదు. ఫిల్టర్ మార్చాకే మొదలైందంటే లైనులో గాలి చేరిందనుకోవాలి. ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. లేకపోతే, ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపున్న కారైతే తాళం నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేసి తర్వాత సెల్ఫ్ కొట్టండి. ఫిల్టర్ మూత కింది రబ్బరు రింగు పాతదే మిగిలిందేమో, మెలిపడిందేమో చూడండి. డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పీల్చుకునే సందు అది.

అప్పటికీ కాకపోతే స్కానర్లో సెల్ఫ్ కొడుతూ రైల్ ప్రెషర్ చూడండి. సుమారు 200 బార్లు దాటనిదే చాలా ఇంజన్లలో ఈసీయూ ఇంజెక్టర్లు తెరవదు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, డీజిల్ వస్తోందో లేదో చూడటానికి ఇంజెక్టర్ల పైపుల నట్లు వదులు చేయకండి. పాత డీజిల్ బళ్ల మీద చేసే పని అది. ఇక్కడ ఆ ప్రెషర్‌కి సన్నని ధార చర్మాన్ని కోసి లోపలికి దిగుతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం.

డీజిల్‌దారి:
మూత విప్పి చూశాను, రింగు ఒకచోట గాడి బయటికి వచ్చి నలిగింది. కొత్తది వేసి, పంపు గట్టిపడేదాకా నొక్కాను. సెల్ఫ్ కొడితే స్కానర్లో రైల్ ప్రెషర్ మొదట 60 దగ్గర ఊగింది, రెండో విడతలో 240 దాటగానే అందుకుంది. మొదటి నిమిషం కాస్త గరగరలాడింది, ఇప్పుడు నిలకడగా ఉంది.

గ్రీజుచేతులు:
ఆ గరగర మిగిలిన గాలి బయటికి పోవడమే. రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి స్టార్ట్ చేసి, ఫిల్టర్ మూత చుట్టూ పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడండి.